సదరు దయ్యం విషయమై

దయ్యాలు ఉన్నాయా, లేవా అన్న ప్రశ్నకు మనుషులు తమ ధైర్యాన్ని బట్టీ, ఆ సమయానికి ఉన్న వెలుతురును బట్టీ సమాధానం చెప్పుకుంటూ వచ్చారు. ప్రభుత్వం వారు మాత్రం ఈ విషయంలో మొదటి నుంచీ మౌనమే పాటించారు. ఆ మౌనానికి భంగం కలిగినది వేణుపురంలో. కలిగించినది సుభాషిణి. అయితే ఆమె ఉద్దేశం చాక్లెట్లు చెయ్యటం వరకే తప్ప తత్త్వశాస్త్రంలోని చిక్కుముడులను విప్పటం కాదు.

సుభాషిణి ఇంట్లోనే కేకులూ చాక్లెట్లూ చేసి అమ్ముతుంది. భర్త పక్క జిల్లాలోని సిమెంటు కర్మాగారంలో పని చేస్తూ నెలకొకసారి వచ్చి పోతుంటాడు. ఇంట్లో ఉండేది ఆమే, ఆమె అత్తగారు భాస్కరమ్మా. ఆ ఏడాది ఊళ్ళోని ఇంగ్లీషు మీడియం బడి కరస్పాండెంటుగారు విదేశయాత్ర చేసి వచ్చి, వచ్చిన మర్నాడే తమ బడిలో హాలోవీన్ అనే దయ్యాల పండుగ జరపాలని నిశ్చయించారు. ఆ రోజున విద్యార్థులందరూ భయపడటం తప్పనిసరి అనీ, అయితే ఆ భయం ఆరోగ్యకరంగా ఉండాలనీ తల్లిదండ్రులకు కబురు పంపారు. ఆరోగ్యకరమైన భయాన్ని సరఫరా చేసే బాధ్యత సుభాషిణికి దక్కింది.

ఆమె ఆ పనికి శ్రద్ధగానే పూనుకుంది. తెల్ల చాక్లెట్టును సన్నగా తరిగి, మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద మరో గిన్నె పెట్టి, ఆవిరి సెగకు నిదానంగా కరిగించింది. ఒక్క నీటిబొట్టు పడినా మొత్తం ముద్దకట్టి పాడైపోతుంది కనుక గరిటెను పొడిగుడ్డతో మళ్ళీ మళ్ళీ తుడిచింది. మెత్తని రబ్బరు అచ్చుల్లో పోసి, గాలిబుడగలు పైకి తేలేట్టు అచ్చును బల్ల మీద టకటకా తట్టి, ఫ్రిజ్జులో పెట్టింది. గట్టిపడ్డాక అచ్చును వెనక్కి వంచితే దయ్యాలు ఒక్కొక్కటే పళ్ళెంలోకి దూకాయి. వాటికి పుల్లతో నల్ల చాక్లెట్టు కళ్ళు దిద్దింది. గబ్బిలాలూ, పుర్రెలూ, బాదంపలుకు గోళ్ళు తొడిగిన వేళ్ళూ కూడా చేసింది గానీ ఆమె మనసంతా దయ్యాల మీదే ఉంది. అవి అంత నున్నగా కుదిరాయి.

భాస్కరమ్మ కళ్ళజోడు సవరించుకుని పళ్ళెంలోకి వంగి చూసింది.

"ఏమే అమ్మాయ్, ఈ దుప్పటి కప్పుకున్నాయన ఎవరు?"

"దయ్యమండి అత్తయ్యగారూ."

"కాళ్ళేవీ?"

"విదేశాల దయ్యాలకి కాళ్ళుండవండి. దుప్పటొకటే ఉంటుంది."

"కాళ్ళే లేకపోతే వెనక్కి తిరిగున్నాయో లేదో ఎలా తెలుస్తుందే? దయ్యమని పోల్చుకోడం ఎలాగ?"

సుభాషిణి పళ్ళేన్ని కొంచెం వెలుతురులోకి జరిపింది.

"దసరాకి బొమ్మల కొలువు పెట్టేం. దీపావళికి టపాకాయలు కాలుస్తాం. మజ్జిలో ఇదేం పండగో," అంది భాస్కరమ్మ. "మా రోజుల్లో దయ్యాలు పిల్లల్ని తింటాయని చెప్పేవాళ్ళు. ఇప్పుడు పిల్లలే దయ్యాల్ని తింటున్నారు. పోనీలే, వాటికీ ఆ భయం ఉండాలి."

వేణుపురంలో భోజ్య యథార్థతా నిర్ధారణ కార్యాలయం అని ఒకటి ఉంది. బాదంపాలలో బాదం లేదన్న సంగతి బయటపడి గొడవ జరిగినప్పుడు ఆ కార్యాలయం పుట్టింది. గొడవ సద్దుమణిగింది గానీ కార్యాలయం మిగిలిపోయింది. 'పేరులో ఉన్నది పదార్థంలో ఉండవలెను' అన్నది దాని మూలసూత్రం. ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించారు. రాయించాక, అమలు జరపటానికి తగిన సందర్భం కోసం అధికారులు ఎదురుచూస్తూ వచ్చారు. బడి గేటుకు కట్టిన హాలోవీన్ బ్యానరు వారి నిరీక్షణకు ముగింపు పలికింది.

యథార్థతా పర్యవేక్షకులు త్రిపురాంతకంగారు తమ అటెండరు గవర్రాజును వెంటబెట్టుకుని సుభాషిణి వంటింట్లోకి విచ్చేశారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో నిబంధన వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి ఉంటారు. ఒక దయ్యాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు ఎదురుగా పట్టి పరిశీలించారు.

"ఇది ఏమిటి?"

"దయ్యమండి."

"దయ్యమని మీరు అంగీకరిస్తున్నారు."

"డబ్బా మీద రాసే ఉంది కదండీ, దయ్యం చాక్లెట్లని."

"ఇందులో దయ్యము ఎంత శాతం?"

సుభాషిణి నవ్వింది. గవర్రాజు కూడా నవ్వబోయి, పై అధికారి ముఖం చూసి ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు. త్రిపురాంతకంగారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పని వేళల్లో హాస్యమాడిన దాఖలా లేదు.

"దయ్యమేం లేదండి. కోకో వెన్న, పాలపొడి, పంచదార, అంతే."

"పేరులో దయ్యము. ఆకారంలో దయ్యము. పదార్థంలో దయ్యము శూన్యము," అన్నారు త్రిపురాంతకంగారు, ఒక్కొక్క మాటనూ విడదీసి. "వినియోగదారుని వంచించుటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నా దృష్టికి రాలేదు."

"పెళ్ళిళ్ళలో పంచదార చిలకలు పెడతారు కదండీ. అందులో చిలకుంటుందా?"

"చిలక పచ్చగా ఉంటుంది. పంచదార చిలక తెల్లగా ఉంటుంది. కనుక ఎవరూ మోసపోరు. దయ్యము తెల్లగా ఉండునని లోకంలో ప్రతీతి. మీ చాక్లెట్టూ తెల్లనిదే."

"ఏనుగు బొమ్మల బిస్కెట్లు అమ్ముతున్నారండి, ఊరంతా."

"ఏనుగు బిస్కెట్టులో పట్టదని సామాన్య వినియోగదారునికి తెలియును. దయ్యమునకు కొలతలు లేవు. ఎందులోనైనా ఇమడగలదు. అందుచేత అనుమానమునకు తావు కలదు."

ఆయన తర్కంలో పగులు ఎక్కడుందో సుభాషిణికి దొరకలేదు. పగులు లేని తర్కమంత ప్రమాదకరమైనది మరొకటి ఉండదని ఆమెకు అప్పుడే మొదటిసారి తోచింది.

"పోనీ, ఉందనే రాసుకోండి," అంది విసుగ్గా.

"ఉన్నచో పెట్టె మీద ఆకుపచ్చ చుక్క వేయవలెనా, ఎర్రచుక్క వేయవలెనా? దయ్యము పూర్వం మనిషి. మనిషి శాకాహారపు కోవలోకి రాడు."

సుభాషిణి బాదం గోళ్ళ వేళ్ళున్న పళ్ళేన్ని మెల్లిగా డబ్బాల వెనక్కి నెట్టింది. త్రిపురాంతకంగారు చూడనే చూశారు. "వేళ్ళ సంగతి తదుపరి విచారిద్దాం," అన్నారు.

"అసలు లోకంలో దయ్యాలే లేవు కదండీ," అంది సుభాషిణి. "లేనిదాన్ని చూసి ఎవరు మోసపోతారు?"

త్రిపురాంతకంగారి తల రెండో పక్కకు వంగింది. ఆయన ముఖంలో గౌరవంలాంటిది కనిపించింది.

"ఇది విలువైన పాయింటు. లేని వస్తువు పేరు పెట్టుట కల్పన. కల్పన నేరం కాదు. ఉన్న వస్తువు పేరు పెట్టి, సదరు వస్తువు పదార్థంలో లేకపోవుట మోసము. కాబట్టి దయ్యము అనునది లోకంలో ఉన్నదా లేదా అని ముందుగా నిర్ధారించవలసి ఉన్నది. లేదని తేలితే మీరు నిర్దోషి. నిర్ధారణ జరుగువరకు ఉత్పత్తి స్థలానికి సీలు."

"ఉత్పత్తి స్థలమంటే ఏదండీ?"

"మనం నిలబడి ఉన్నదే."

గవర్రాజు దయ్యాలన్నిటినీ డబ్బాలో సర్ది చంకన పెట్టుకున్నాడు. వంటింటి తలుపుకు గుడ్డ చుట్టి లక్క పోశారు. పూజగదిలోంచి వచ్చిన భాస్కరమ్మ ఆ ఎర్ర లక్కను చూసి, "ఇదేం ముస్తాబే?" అని అడిగింది. సంగతి విన్నాక తలుపు సందులోంచి తన పొయ్యి వంక చూసింది.

ఎందుకంటే భాస్కరమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ తన వంటింట్లో, తన పొయ్యి మీద ఉడికినది తప్ప మరో వంట నోట పెట్టి ఎరగదు. పెళ్ళిళ్ళకు వెళితే అరటిపండు తిని వచ్చేది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంటి నుంచి క్యారేజీ వెళ్ళేది. ఇది మడి అనుకుంటే మడి, పట్టుదల అనుకుంటే పట్టుదల. కారణమేమిటని అడిగితే ఆమె చెప్పేది ఒకటే: "నాకు రుచించదు."

"ఏం బాబూ, నాకాకలేస్తే ఎలాగ?" అని ఆమె త్రిపురాంతకంగారిని అడిగింది.

"హోటళ్ళు ఉన్నవి కదమ్మా."

"నువ్వెళ్ళు నాయనా హోటలుకి," అంది భాస్కరమ్మ శాంతంగా.

పెరట్లో ఇటుకలు పేర్చి వండుతానని సుభాషిణి అంటే త్రిపురాంతకంగారు అది రెండో ఉత్పత్తి స్థలం అవుతుందన్నారు. భాస్కరమ్మ కూడా ఒప్పుకోలేదు. ఇటుకల పొయ్యి తన పొయ్యి కాదు. ఆ విధంగా నిబంధనలకు లొంగే విషయంలో త్రిపురాంతకంగారిదీ, భాస్కరమ్మదీ ఒకటే పట్టుగా కనిపించింది. ఆ రాత్రి నుంచి ముసలామె అరటిపళ్ళ మీద, కొబ్బరినీళ్ళ మీద, తడిపిన అటుకుల మీద కాలం గడపసాగింది. పొయ్యి లేదు గనుక పాలు కాచే వీలూ లేదు.

సుభాషిణి కార్యాలయానికి వెళ్ళింది. ఉప సంచాలకులు మార్తాండరావుగారు బరువైన మనిషి. మెత్తని కుర్చీలో ఇంకా మెత్తగా కూర్చుని ఉన్నారు. వేలికి పగడపుటుంగరం, మణికట్టుకు ఎర్రదారం, బల్ల మీద గాజు గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో నిమ్మకాయ.

"మీ దయ్యం నమూనాను ప్రయోగశాలకు పంపామమ్మా. నివేదిక వచ్చింది," అన్నారాయన. "కొవ్వు ఉన్నది. తేమ ఉన్నది. చక్కెర ఉన్నది."

"దయ్యం లేదు కదండీ?"

"దయ్యం పరీక్షించే పరికరం తమ వద్ద లేదని రాశారు. లేదు అనటానికీ, పరీక్షించలేదు అనటానికీ చాలా వ్యత్యాసం ఉన్నది. అందుచేత ఇతర శాఖల అభిప్రాయం కోరాం. అవీ వచ్చాయి."

ఇతర శాఖలు ఆశ్చర్యకరమైన వేగంతో స్పందించాయి. ఎందుకంటే ఏ శాఖ అయినా తన బాధ్యత కానిదాన్ని గురించి ఆలస్యం చెయ్యదు. పశువుల ఆసుపత్రి వారు దయ్యం పశువు కాదన్నారు. జనాభా లెక్కల వారు మరణించిన వ్యక్తిని జాబితా నుంచి తొలగించటంతో తమ పని పూర్తవుతుందనీ, తదనంతరం సదరు వ్యక్తి ఏమి చేసుకున్నదీ తమ పరిధిలోకి రాదనీ తెలియజేశారు. పురపాలక సంఘం వారు మాత్రం ఊరి బయట దయ్యాలున్నాయని చెప్పుకునే ఒక పాడుబడ్డ మేడకు ఇంటిపన్ను బకాయి ఉన్నదనీ, లోపల ఎవరైనా నివసిస్తున్నట్టు తేలితే తమకు వెంటనే తెలియపరచవలసిందనీ కోరారు.

"అయితే ఇంక మిగిలింది మీ సంతకమే కదండీ," అంది సుభాషిణి. "దయ్యాలు లేవని పెట్టెయ్యండి."

"వ్యక్తిగతంగా నేను దయ్యాలను నమ్మనమ్మా." ఈ మాట అంటున్నప్పుడు మార్తాండరావుగారి వేళ్ళు ఎర్రదారాన్ని సవరించాయి. "కానీ సంతకం వ్యక్తిగతం కాదు కదా."

"పోనీ ఉన్నాయని పెట్టండి. ఏదో ఒకటి తేలిపోతుంది."

"అది శాస్త్రీయ దృక్పథానికి విరుద్ధం. పై నుంచి సర్క్యులరు ఉన్నది."

"మరేం పెడతారండీ?"

"పరిశీలనలో ఉన్నది అని. మా కార్యాలయంలో అన్నిటికన్నా బలమైన వాక్యం అదే."

నిజానికి ఫైలు కదలకుండా ఏమీ లేదు. మొదట త్రిపురాంతకంగారే 'దయ్యములు లేవు' అని రాయటానికి కలం తీశారు. తీశాక, తాము క్యాంపుకు వెళ్ళినప్పుడు దిగే బంగళా శ్మశానానికి ఆనుకుని ఉన్నదన్న సంగతి జ్ఞాపకం వచ్చి, 'లేవని తోచుచున్నది' అని రాశారు. పై సూపరింటెండెంటు దానిని 'లేవని కొందరు చెప్పుకొనుచున్నారు' అని సంస్కరించారు. మార్తాండరావుగారి బల్ల మీదికి చేరేసరికి అది 'ఉన్నవని గానీ లేవని గానీ చెప్పుటకు, అమావాస్య సమీపించుచున్నందున, ఇది అనువైన సమయము కాదు' అని స్థిరపడింది. అందరూ పట్టభద్రులే. ఇద్దరు సైన్సు చదివినవారు.

ఈలోగా బడిలో హాలోవీన్ రానే వచ్చింది, పోనే పోయింది. దయ్యాలు అందకపోవటంతో కరస్పాండెంటుగారు లెక్కల మాస్టారి చేత తరగతి తరగతికీ వెళ్ళి ఆకస్మిక పరీక్ష పెట్టించారు. పిల్లలు ఆశించిన స్థాయిలో భయపడ్డారని అందరూ సంతృప్తి చెందారు.

సుభాషిణి రెండోసారి కార్యాలయానికి వెళ్ళిన రోజున కొత్త చిక్కు వచ్చి పడింది. వరండాలో గవర్రాజు ఆమెను పక్కకు పిలిచాడు.

"మేడమ్‌గారండీ, మీ దయ్యాలు తగ్గిపోతన్నాయండి. ఫ్రిజ్జులో పెట్టి తాళం ఏసేను. తాళం ఏసింది ఏసినట్టే ఉంటాది. పొద్దున్న సూత్తే లోపల రెండో మూడో తక్కువుంటన్నాయండి."

"తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"అయ్యగారి దగ్గరేనండి. అందుకే కదండీ ఇసిత్రం. దొంగలకి దొరికే వీలే లేదు."

లోపల త్రిపురాంతకంగారు ఈ విషయమే రాస్తున్నారు. ఆయన మీసం చివర తెల్లటి మరక ఒకటి ఉంది.

"మీసానికి ఏదో అంటుకుందండీ," అంది సుభాషిణి.

"సున్నం," అన్నారాయన, తుడుచుకుని. "గోడలకు వెల్ల వేస్తున్నారు." ఆ గోడలు వెల్ల చూసి చాలా కాలమైంది. "మీ వ్యవహారం విషమించుచున్నదమ్మా. జప్తు గావించిన దయ్యములు తాళం వేసిన ఫ్రిజ్జు నుండి తమంతట తాము నిష్క్రమించుచున్నవి. దయ్యములు ఉన్నవి అనుటకు ఇది ప్రాథమిక ఆధారము కాగలదు."

"ఉన్నాయని తేలితే?"

"ఉన్న వస్తువు పేరు పెట్టి లేని పదార్థం అమ్మినట్లు. అప్పుడు సీలు శాశ్వతం."

"కానీ మాయమైనవి కూడా నా చాక్లెట్లే కదండీ. వాటిలో దయ్యం ఉంటేనే కదా అవి వెళ్ళిపోయింది? అంటే నేను మోసం చెయ్యలేదనే కదా?"

త్రిపురాంతకంగారు ఫైలులో కొత్త పేజీ తిప్పారు. "అట్లయితే ఎర్రచుక్క వేయనందుకు వేరే కేసు," అన్నారు.

సుభాషిణి ఇంటికి వచ్చేసరికి భాస్కరమ్మ వంటింటి తలుపుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది. ఆమె గొంతు బాగా సన్నబడింది. ఎదురింటివారు దయతో పంపిన ఇడ్లీలు గిన్నెలో అలాగే ఉన్నాయి. కోడలు బతిమాలింది, ఒక్క ముద్ద తినమంది, తప్పంతా తనదేననీ, ఆ పాడు దయ్యాలు చెయ్యకుండా ఉండాల్సిందనీ ఏడ్చింది.

"నువ్వెందుకేడుస్తావే. చక్కగా చేసేవు, నున్నగా వచ్చేయి," అంది భాస్కరమ్మ. తర్వాత చాలాసేపటికి, "కందిపచ్చడి తినాలనుంది. కాస్త ఎక్కువ వేయించి, ఎండుమిరపకాయలు దండిగా వేసి," అంది. లక్కముద్ర వంక చూస్తూ అడిగింది: "ఇంతకీ ఆ ఆఫీసు వాళ్ళకి ఏంటే భయం?"

సుభాషిణి ఎర్రదారం సంగతీ, నిమ్మకాయ సంగతీ, గవర్రాజు తన చెవిన వేసిన అమావాస్య సంగతీ, శ్మశానం పక్క బంగళా సంగతీ చెప్పింది. భాస్కరమ్మ కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమోనని కోడలు వంగి చూసింది.

"ఆటోని పిలు," అంది ముసలామె.

మార్తాండరావుగారి గదిలోకి ఆమె కోడలి భుజం పట్టుకుని నడిచి వెళ్ళింది. నడక నిదానంగా ఉంది గానీ దారి తెలిసిన నడకలా ఉంది. ఎదురు కుర్చీలో కూర్చుని చుట్టూ చూసింది. త్రిపురాంతకంగారు ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డారు. గవర్రాజు గుమ్మంలో ఉన్నాడు.

"నువ్వేనా బాబూ పెద్ద దొరవి?"

"ఉప సంచాలకుణ్ణమ్మా. కాఫీ తెప్పించమంటారా?"

"బయటిది ముట్టను. ఒక్క సంగతి అడిగి పోదామని వచ్చేను. దయ్యాలున్నాయా, లేవా?"

"పరిశీలనలో ఉన్నదమ్మా."

"మంచిది. ఉన్నాయనే అనుకుందాం. తిండి లేకుండా పోయిన మనిషి ఏమవుతుందంటారు?"

మార్తాండరావుగారు గ్లాసులోని నిమ్మకాయ వంక చూశారు. గుమ్మంలోంచి గవర్రాజు అందుకున్నాడు.

"దయ్యమే అవుద్దండి. అందులోనూ తినాలనుకున్నది తినకుండా పోతే మరీ మొండి దయ్యమవుద్దండి. మా మేనత్త అలాగే అయ్యిందండి."

"వాడికి తెలుసు," అంది భాస్కరమ్మ. "నా మనసు కందిపచ్చడి మీదుంది బాబూ. అది తినకుండానే పోయేలా ఉన్నాను. పోయేక ఎక్కడుండాలి? ఇంట్లో ఉందామంటే వంటింటికి మీరు లక్క పోసేరు. దయ్యమైనా సరే, సర్కారు వారి సీలు నేను విప్పను. అందుకని ఇక్కడికే వచ్చేస్తాను." ఆమె గదినంతా మరోసారి పరిశీలనగా చూసింది. "బాగుంది. చల్లగా ఉంది. ఆ కుర్చీ మెత్తగా ఉన్నట్టుంది."

మార్తాండరావుగారు తమకు తెలియకుండానే కుర్చీలోంచి కొంత లేచారు.

"అమ్మా, మీరు అలా మాట్లాడరాదు."

"తప్పేముంది నాయనా? ఎంతో దూరం కూడా కాదు. పగలు నీ దగ్గరుంటాను. రాత్రి ఈ పొడుగాయన క్యాంపు బంగళాలో ఉంటాను. శ్మశానం పక్కనేనటగా, నాకూ దగ్గరవుతుంది."

త్రిపురాంతకంగారి చేతిలోని ఫైలు కిందపడింది. గవర్రాజు దాన్ని తీసి ఇవ్వబోయి, ఆయన చేతుల పరిస్థితి చూసి, తానే పట్టుకున్నాడు.

"నాకు అడ్డం ఒక్కటే," అని భాస్కరమ్మ కొనసాగించింది. "దయ్యాలు లేవని సర్కారు వారు సంతకం పెట్టేస్తే మరి నేను రాలేను. లేవని రాసేక ఎలా వస్తాను? నేను రూలు తప్పే మనిషిని కాదు, మా కోడల్ని అడుగు. పెట్టనంటావా, నీ ఇష్టం. నాకు తొందరలేదు. అంటే, తొందర ఉండాల్సింది నాకు కాదు."

సుభాషిణి అత్తగారి ముఖం చూసింది. ఆమె పరిహాసమాడుతోందో, ఏర్పాట్లు చేసుకుంటోందో ఆ ముఖంలో ఏమీ తెలియలేదు. కానీ తన చేతి మీద అత్తగారు వేసిన చెయ్యి బొత్తిగా తేలికగా ఉంది. ఆ తేలికదనంలో పరిహాసం లేదు.

మార్తాండరావుగారు గంట కొట్టారు. సూపరింటెండెంటు వచ్చి, ప్రస్తుతం రాహుకాలం నడుస్తున్నదనీ, సంతకానికి కొంతసేపు ఆగటం శ్రేయస్కరమనీ మనవి చేశారు. "ఆగొచ్చు," అంది భాస్కరమ్మ, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటూ. "అప్పటిదాకా నేనుంటానో లేదో మరి."

ఆ కార్యాలయ చరిత్రలో రాహుకాలంలో సంతకం పడిన ఫైలు అదొక్కటే. మనుషుల్లో ఒక భయాన్ని తర్కం పోగొట్టిన సందర్భాలు అరుదు. దానికన్నా పెద్ద భయం పోగొట్టిన సందర్భాలు లెక్కలేనన్ని. ఉత్తర్వును మార్తాండరావుగారే చెప్పగా త్రిపురాంతకంగారు రాశారు. 'ఈ కార్యాలయము తగు విచారణ జరిపిన మీదట నిర్ధారించినది ఏమనగా, దయ్యములు లేవు. ఇంతకు పూర్వము ఉన్నవని ఎవరైనా భావించియున్నచో వారి భావన చెల్లదు. ఇకముందు ఎవరునూ దయ్యముగా ఏర్పడుటకు వీలు లేదు.' త్రిపురాంతకంగారు ఒక నిమిషం ఆలోచించి, స్వయంగా మరొక వాక్యం చేర్చారు: 'ముఖ్యముగా శ్రీమతి భాస్కరమ్మగారు.'

"ఈ కార్యాలయం పరిధి ఎంతవరకండీ?" అని అడిగింది సుభాషిణి.

"జిల్లా అంతటికీ," అన్నారు మార్తాండరావుగారు నుదురు తుడుచుకుంటూ. ఆయన ముఖంలో, సొంత సంతకం వల్ల రక్షణ పొందిన మనిషి ప్రశాంతత కనిపించింది.

జప్తు చేసిన చాక్లెట్ల సంగతి వచ్చేసరికి గవర్రాజు ఖాళీ డబ్బా తెచ్చి ఇచ్చాడు. దయ్యాలు లేవని ఉత్తర్వు వెలువడిన తర్వాత లేనివాటిని తిరిగి అప్పగించటం సాధ్యం కాదని త్రిపురాంతకంగారు వివరించారు. సుభాషిణి వాదించలేదు. వేళ్ళ సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో, ఆటో కుదుపులకు అత్తగారిని పొదివి పట్టుకుని కూర్చున్న సుభాషిణి చివరకు అడిగింది.

"నిజంగానే వచ్చేవారా అత్తయ్యగారూ?"

"ఆ గదిలోకా? పాత కాయితాల కంపు. నాకు పడదు," అంది భాస్కరమ్మ.

సీలు విప్పటానికి త్రిపురాంతకంగారు స్వయంగా వచ్చారు. లక్కను తామే పగలగొట్టారు, గుడ్డను తామే విప్పారు, ఉత్తర్వు నకలును సుభాషిణి చేతికిచ్చారు. అంతటితో ఆయన విధి ముగిసింది. ఆయన వెళ్ళలేదు. సుభాషిణి పొయ్యి వెలిగించి, కందిపప్పు ఎర్రగా వేయించి, మిరపకాయలు దండిగా వేసి రుబ్బింది. ఆయన గుమ్మం బయట తల ఒక పక్కకు వంచి నిలబడ్డారు. అన్నం ఉడికింది. భాస్కరమ్మ తన పీట మీద, తన కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద కలుపుకుంది; ఆ ముద్ద నోటికి చేరేదాకా సుభాషిణి ఊపిరి బిగబట్టి చూసింది. గుమ్మం బయట మరొక ఊపిరి కూడా ఆగినట్టు ఆమెకు వినిపించింది.

"ఎలా ఉందండి?"

"ఉప్పు ఒక్క రవ్వ తక్కువైంది," అంది భాస్కరమ్మ, రెండో ముద్ద కలుపుకుంటూ. ఆమె గొంతు వెనక్కి వస్తోంది.

"నెయ్యి మరికొంచెం వడ్డించండమ్మా," అన్నారు త్రిపురాంతకంగారు బయటి నుంచి.

సుభాషిణి వడ్డించింది. భాస్కరమ్మ నిదానంగా పచ్చడి అన్నం ముగించి, చారుతో రెండు ముద్దలు తిని, కంచం పక్కకు జరపబోయి, తలెత్తి ఆయన వంక చూసింది.

"దయ్యాలు లేవని మీ దొర సంతకం పెట్టేశాడుగా నాయనా. ఇంకా ఎందుకు నించున్నావు?"

త్రిపురాంతకంగారు గొంతు సవరించుకున్నారు.

"ఉత్తర్వు ఉత్తర్వేనండి," అన్నారు. "మీరు మాత్రం ఆ మజ్జిగన్నం కూడా కానివ్వండి."